పూసిన ఇల్లు

దానమ్మ పొద్దున్నే ప్రయోగశాల మెట్ల దగ్గరకొచ్చి నిలబడింది. ఆమె చేతిలో వరికంకిలాంటిదొకటి ఉంది. రాలిపోకుండా రెండు చేతుల్తో జాగ్రత్తగా పట్టుకుంది.

"డాట్రమ్మా, మా ఇల్లు కంకేసింది, సూడు" అంది సంబరంగా. "వంటింట్లో దూలం మీంచి ఏలాడతంది. మా ముత్యాలు గదిలో ఇంకా ఉన్నాయి. బియ్యంలాగ వండుకోవచ్చంటావా?"

సుభాషిణి దాన్ని అందుకుంది. గోధుమరంగు పొట్టుల్లోంచి సన్నటి పసుపుపచ్చ తిత్తులు బయటికి వేలాడుతున్నాయి. ఊదితే పుప్పొడి లేచింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి వెదురు మీదే పనిచేస్తున్నా, వెదురు పువ్వును ఎండబెట్టి అట్టకు అంటించినదే చూసింది గాని, పచ్చిగా చేత్తో పట్టుకోవడం అదే మొదలు.

"గింజ పడితే వండుకోవచ్చక్కా" అంది.

"మరెందుకలగ కూకుండిపోయావు?"

తను మెట్టు మీద కూర్చుండిపోయిన సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది.

దానమ్మను పంపేసి లోపలికెళ్ళింది. చల్లగదిలో అరల నిండా గాజుసీసాలు. ఒక్కో సీసాలో జెల్లీ మీద పెరుగుతున్న వేలెడు వెదురు మొక్క. అవి మట్టి చూడలేదు, ఎండ చూడలేదు, వాన చూడలేదు. లైటు వేసి ఒక్కో అరా చూసుకుంటూ వెళ్ళింది. కింది అరలో ఒక సీసా తీసి వెలుతురుకు పట్టుకుంది. వేలంత కూడా లేని ఆ మొక్క కొసన కూడా పొట్టులు విచ్చుకున్నాయి.

వెదుళ్ళలో చాలావాటికి బతుకంతటికీ ఒక్కటే పూత. పూస్తాయి, గింజ రాలుస్తాయి, చచ్చిపోతాయి. ఒక తల్లి పొదలోంచి తీసిన పిలకను ఎక్కడ నాటినా, ఎన్నాళ్ళకు నాటినా దాని వయసు తల్లి వయసే. తల్లి పూసిననాడే అదీ పూస్తుంది. పెదగుల్లపేట సముద్రపొడ్డున ఉన్న ఆ కాలనీలో ప్రతి గోడా, ప్రతి కప్పూ, ప్రతి గుమ్మమూ ఒక్క తల్లి పొద పిలకలే. కొట్టి తెచ్చి కట్టినవి కావు. బతికున్న వెదుళ్ళు. అందుకే ఊళ్ళో వాళ్ళు దాన్ని పచ్చిళ్ళ కాలనీ అనేవారు.

*

ఆ ఇళ్ళకు మొదలు కరుణాకర్.

అతను తుఫాను ప్రాంతాల్లో వెదురు ఇళ్ళు కట్టే ఇంజనీరు. ఒకరోజు విరిగిన రెండు బొంగులు చంకలో పెట్టుకుని సుభాషిణి దగ్గరకొచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడం, మీరు మొక్కల మనిషి కాబట్టి అడుగుతున్నాను. దీనికంటే మంచి సామాను నాకు దొరకలేదు. తేలిక. గాలికి వంగుతుంది, విరగదు. భూమి ఊగితే తనూ ఊగుతుంది. చెట్టయితే తరం పడుతుంది, ఇది నాలుగేళ్ళకే ఇంటికి పనికొస్తుంది. ఇన్ని ఉండీ, అతుకు దగ్గర నన్ను మోసం చేస్తోంది. మేకు కొడితే చీలుతుంది. బోల్టు బిగిస్తే నలుగుతుంది. పోనీ అది నిలబెట్టుకున్నా, రెండేళ్ళకు పురుగు తొలిచి పిండి రాలుస్తుంది. మూడో ఏడు ఆ ఇంటివాళ్ళు నన్ను తిడతారు. ఈ బొంగుల్ని పుట్టుకతోనే కలిపే దారి ఏమైనా ఉందా?"

ఆమె అతన్ని వెనక షెడ్డులోకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక తొట్టిలో రెండు లేత బొంగులు ఒకదాని మీద ఒకటి ఒరిగి పెరిగాయి. అవి తగిలిన చోట ఏదో బూజు పట్టింది. బూజు తుడిచి చూస్తే అక్కడ రెండు బొంగులు లేవు, చర్మం కలిసి ఒకటైపోయింది. ఎలా జరిగిందో ఆమెకూ పూర్తిగా తెలీదు అప్పటికి.

కరుణాకర్ రెండు చేతులా పట్టుకుని లాగాడు. కాలు తన్నిపెట్టి లాగాడు. చివరికి వెదురు విరిగింది, అతుకు దగ్గర కాదు, జానెడు పైన. అతను ఆ మట్టినేల మీదే చతికిలబడి, మంచినీళ్ళు కావాలన్నాడు.

ఆ బూజును పెంచి తీసిన రసానికి వాళ్ళు అంటురసం అని పేరు పెట్టారు. బొంగులు లేతగా ఉన్నప్పుడు చట్రానికి వంచి కట్టి, తాకిన చోటల్లా కుంచెతో రసం రాస్తే, ఒక వానాకాలం తిరిగేసరికి అన్నీ కలిసి గోడవుతాయి. ఇంకో వానాకాలానికి కప్పవుతాయి. బతికున్నది కాబట్టి పురుగు పట్టదు, కుళ్ళదు. ఎక్కడైనా చీలితే పక్కనుంచి పిలక వచ్చి పూడుస్తుంది. కొండల్లోంచి తెచ్చిన ఎన్నో రకాల మీద ఆ రసం రాసి చూశారు. ఒక్క పొద మీదే పనిచేసింది. ఆ పొదనే తెచ్చి ప్రయోగశాల పెరట్లో నాటుకున్నారు.

మొదటి ఇల్లు వాళ్ళదే. ఆ ఇల్లు పెరుగుతుండగానే వాళ్ళ పెళ్ళయింది. నలభై దాటాక పెళ్ళేమిటని రెండువైపులా అన్నారు. కప్పు ఇంకా పూర్తిగా మూసుకోకముందే కాపురం పెట్టారు. వానొస్తే మంచం ఏ మూలకు లాగాలో రోజూ వాదించుకునేవారు.

సముద్రం కోసుకుపోయి పెదగుల్లపేట జాలరివీధి కొట్టుకుపోయాక, అక్కడివాళ్ళ కోసం కాలనీ వేశారు. బతికున్న ఇంట్లో బతకడం తేలికేం కాదు. వానాకాలంలో మంచం కిందనుంచి మొలకలు పొడుచుకొచ్చేవి. ఆడవాళ్ళు వాటిని తెగ్గోసి ఉల్లిపాయలు వేసి కూర వండేవారు. బట్టలు ఆరేవి కావు. గోడకు మేకు కొడితే ఇంట్లో ముసలివాళ్ళు ఊరుకునేవారు కాదు. కానీ ఎండాకాలంలో లోపల చల్లగా ఉండేది. పెద్ద తుఫాను వచ్చిననాడు బడి శ్లాబు కూలింది, సెల్ టవరు వంగింది, పచ్చిళ్ళు మాత్రం గాలికి వంగి, లేచి, వంగి, లేచి నిలబడ్డాయి. ఆ గాలిలోనే దానమ్మ కూతురు ముత్యాలు బిడ్డను కంది. ఆ తర్వాత దానమ్మ ఇంటిని 'ఇది' అనడం మానేసి 'మాయమ్మ' అనడం మొదలుపెట్టింది.

తల్లి పొద వయసు ఎవరికీ తెలీదు. తాతలు కూడా దాని పూత చూడలేదని కొండవాళ్ళు చెప్పారు. ఆ మాట మీద సుభాషిణి, కరుణాకర్ ఇంకో ముప్పై ఏళ్ళు ఢోకా లేదని లెక్కవేశారు. సుభాషిణి ఆ సంగతి అధికారులకు చెప్పింది, అందరూ తలూపారు. ముప్పై ఏళ్ళంటే ఎవరికైనా చాలా దూరమే.

*

కంకి చూసిన సాయంత్రం ఆమె వరండాలో కూర్చుని ఉంటే కరుణాకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. జేబులోంచి ఒక పూత తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"మనింట్లోది. పుస్తకాల అర పైన వచ్చింది. ఎన్నాళ్ళుంది సుభా?"

"వానల్లో గింజ పడుతుంది. తర్వాత కొసల నుంచి పండిపోతుంది. వానలు వెళ్ళేసరికి ఒట్టి గొట్టాలు మిగులుతాయి. చేత్తో నలిపితే పిండవుతాయి. నిప్పు తగిలితే టపాసుల్లా పేలతాయి."

"ఆపలేవా?"

"చూస్తాను" అంది.

చూసింది. తల్లి పొదలో కొన్ని బొంగులకు పూత కత్తిరించింది. కత్తిరించిన చోట రెట్టింపు పూసింది. యూరియా వేసింది, నీడ కట్టింది, తెలిసిన మందులన్నీ వేళ్ళకు ఎక్కించింది. మందు ఎక్కించినవి పూత ఆపలేదు సరికదా, ముందుగా పండిపోయాయి. "నేనొకదాన్ని ఉన్నానని దానికి తెలియనే తెలియదు" అంది ఒకరోజు చేతులు కడుక్కుంటూ.

మరునాడు భోజనాల దగ్గర ఆమే మాటెత్తింది. "కొట్టేయాలి. అన్నీ. గింజ పడకముందే. ఇప్పుడు కొడితే కనీసం చెక్క గట్టిగా ఉంటుంది. గింజ పడిందంటే ఎలుకలొస్తాయి. ఈశాన్య కొండల్లో వెదురు పూసినప్పుడల్లా అదే జరిగింది. గింజ తిని వేలకు వేలు పెరిగి, గింజ అయిపోయాక ఊళ్ళ మీద పడ్డాయి."

"కొట్టేస్తే విత్తనం ఉండదుగా" అన్నాడు కరుణాకర్.

"ఉండదు."

"విత్తనం లేకపోతే ఈ జాతి ఇక్కడితో సరి."

ఆమె కంచంలో అన్నం కెలికింది.

"కాలనీ కొట్టేద్దాం" అన్నాడు అతను. "మనిల్లూ, తల్లి పొదా వదిలేద్దాం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వలలు కట్టి గింజ ఏరుకుందాం. పిడికెడు దొరికినా చాలు."

"ఎలుకలు మనింటికే వస్తాయి కరుణాకర్."

"రానీ. మనకేం పిల్లలా, జెల్లలా" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను నవ్వు ఆపి, ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పుగా అన్నాను" అన్నాడు.

*

కాలనీ మధ్య వలలు ఆరేసే చోట అందరినీ కూర్చోబెట్టి సుభాషిణి సంగతి చెప్పింది. మైకు వద్దంది. దానమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"ఏదో ఒకనాడు పూస్తుందని తెలుసక్కా. మనం పోయాక అనుకున్నాం."

"మనం పోతే మా పిల్లలుండరా?"

సుభాషిణి ఆమె వైపు ఒక అడుగు వేసింది.

"సముద్రం మా ఇల్లట్టుకుపోయినప్పుడు అది సెప్పి రాలేదు" అంది దానమ్మ లేచి నిలబడుతూ. "నువ్వు సెప్పి అట్టుకుపోతన్నావు. అంతే తేడా." కొంగు దులుపుకుని ఇంట్లోకెళ్ళి తలుపేసుకుంది.

కొట్టడం మొదలయ్యాక దానమ్మ ఇంటి జోలికి ఎవరూ వెళ్ళలేదు. చివరికి మిగిలింది ఆ ఒక్కటే. కరుణాకర్ రంపం బయట పెట్టి, ఒట్టి చేతుల్తో వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఎండ మొహం మీదకొచ్చింది. దానమ్మ తలుపు తీసి మజ్జిగ గ్లాసు ఇచ్చింది.

"నొప్పెడతాదా బావు దానికి?" అని అడిగింది.

"లేదమ్మా. దానికి తెలీదు."

"నీకు నొప్పెడతందా?"

అతను మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "మా ఆవిడకంటే తక్కువే" అన్నాడు.

దానమ్మ పొయ్యి సామాను బయటికి తెచ్చి పెట్టుకుంది. మొదటి కోత గోడ మీద తనే పెడతానంది. రంపం అంచు దిగగానే గోడలోంచి నీళ్ళు కారాయి. ఆమె చెయ్యి తీసేసింది. మిగతాది కరుణాకర్ కోశాడు.

గోడలు విప్పడానికి రాలేదు. బొంగు బొంగుతో కలిసిపోయింది, ఎక్కడ ఏది మొదలో తెలీదు. అడ్డదిడ్డంగా కోస్తే తప్ప ఊడలేదు. ఇళ్ళ నిండా ఉన్న చెక్కంతా పొయ్యిలోకి పనికొచ్చే ముక్కలయింది. అతను ఆ ముక్కల కుప్ప పక్కన నిలబడి, "విప్పుకోవడానికి వీలుగా కట్టాల్సింది సుభా. మళ్ళీ కడితే అలా కడదాం" అన్నాడు.

జనం రేకుల షెడ్లలోకి మారారు. పెట్టెల్లో ఉన్నట్టుంది అనేవారు. మధ్యాహ్నాలు లోపల ఉండలేక వలల నీడన కూర్చునేవారు.

*

వానలు మొదలయ్యాక గింజ పడింది. తల్లి పొద కింద, వాళ్ళ ఇంటి లోపల, మంచం మీద, బియ్యం డబ్బా మూత మీద, ఎక్కడ చూసినా ఎర్రటి సన్న గింజలు. చాలావాటి లోపల ఏమీ లేదు, ఒట్టి పొట్టు. ఒక చేటెడు చెరిగితే గుప్పెడు గట్టివి దొరికేవి. ఆ గుప్పెడు కోసం కరుణాకర్ రోజంతా వంగి ఊడ్చేవాడు. కప్పు కింద వలలు కట్టాడు. వాన వస్తే గింజ కొట్టుకుపోతుందని వానలోనే ఏరేవాడు.

ఎలుకలు ముందు ఒకటీ అరా వచ్చాయి. తర్వాత పట్టపగలే రావడం మొదలుపెట్టాయి. గోడ బొంగుల మధ్య పిల్లలు పెట్టాయి. వలలు కొరికేశాయి. సుభాషిణి బోనులు పెట్టింది, పాములవాణ్ణి పిలిపించింది, బ్లీచింగు చల్లింది. మందు పెడదామంటే, గింజకు తగులుతుందని కరుణాకర్ ఒప్పుకోలేదు.

"బూట్లు వేసుకో" అనేది.

"బురదలో జారుతున్నాయి. గింజలు తొక్కేస్తున్నాను" అనేవాడు.

వానాకాలం వెనకపట్టు పడుతుండగా ఒకరోజు పిక్కలు పీకుతున్నాయన్నాడు. రోజంతా వంగి పనిచేస్తే పీకవా అనుకున్నారు ఇద్దరూ. ఆమె నూనె రాసింది. జ్వరం వస్తే మాత్ర ఇచ్చింది. మర్నాటికి తగ్గింది, లేచి మళ్ళీ చేట పట్టుకున్నాడు. ఆ మర్నాడు తిరగబెట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి. పొద్దున్న అద్దంలో చూసుకుని, "నా కళ్ళు పచ్చగా ఉన్నాయా, లేక అద్దమా?" అన్నాడు. ఆమె చూసింది. చూసి వెంటనే ఆటోకు ఫోను చేసింది.

ఎలుక జ్వరం అని పెద్దాసుపత్రిలో చెప్పారు. మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నాయన్నారు. మిషను పెట్టారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, చాలా ఓపిగ్గా మాట్లాడింది. కాళ్ళకు పుళ్ళేమైనా ఉన్నాయా, నీళ్ళల్లో తిరిగారా అని అడిగితే, సుభాషిణి అతని పాదాల మీద దుప్పటి తీసి చూపించింది. మడమల పగుళ్ళలో ఇంకా మట్టి ఉంది.

అతనికి మధ్యమధ్యలో మెలకువ వచ్చేది.

"మొలిచాయా?" అని అడిగాడు ఒకసారి.

"మొలిచాయి. ట్రేలో సగం దాకా వచ్చాయి."

"ఆకు ఎలా ఉంది? తల్లి ఆకేనా?"

"ఇప్పుడే ఏం తెలుస్తుంది. గడ్డిలా ఉన్నాయి."

"గడ్డే కదా" అన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. ఆమె దూది తడిపి అద్దింది. అతను "ఇంటికెళ్ళి నీళ్ళు పోసి రా. ఎండిపోతాయి" అన్నాడు.

"దానమ్మక్క పోస్తోంది."

"ఆవిడకు కోపం తగ్గిందా?"

"పోస్తోంది అంటున్నానుగా."

అతను కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం, ఆమె టీ తాగడానికి కిందకు వెళ్ళిన ఆ కాస్తలో, పోయాడు.

*

ఊరికి తెచ్చేసరికి దానమ్మ రేకుల షెడ్డు ముందు చోటు చేసి ఉంచింది. వాళ్ళ సొంత ఇల్లు అప్పటికే కొసల నుంచి పండిపోయింది. కప్పులోంచి ఆకు రాలి నేలంతా పరుచుకుంది. లోపల మనుషులు నిలబడే స్థితి లేదు.

జాలర్లందరూ వచ్చారు. పనులు ఎవరికి వాళ్ళే పంచుకున్నారు. ఒకాయన పాడె కట్టడానికి కత్తి తీసుకుని బయల్దేరాడు. కొంతసేపటికి తిరిగొచ్చి ఊరికే నిలబడ్డాడు. దానమ్మ ఏమిటని అడిగితే మెల్లగా చెప్పాడు, అయినా సుభాషిణికి వినపడింది.

"పచ్చి బొంగు నేదే. ఒక్కటీ నేదు."

మొన్న ఎండాకాలం దాకా గోడలు పచ్చివి, కప్పులు పచ్చివి. ఇప్పుడు పాడెకు రెండు బొంగులు లేవు. తల్లి పొదలోకి వెళ్ళి ఒకటి లాగి చూశాడట, చేతిలోనే చిట్లింది. చివరికి ఒక కుర్రాడు బండి మీద పట్నం వెళ్ళి, అడితిలో రెండు వెదుళ్ళు కొని, అడ్డంగా కట్టుకుని తెచ్చాడు. అంతసేపూ కరుణాకర్ ఎండలో ఉన్నాడు. సుభాషిణి అతని మొహం మీద తన గొడుగు పట్టుకుని కూర్చుంది. ఎవరో తీసుకోబోతే ఇవ్వలేదు.

తర్వాత వారానికి ఊరివాళ్ళు ఎలుకల భయంతో సుభాషిణి ఇంటిని తగలబెట్టాలన్నారు. ఆమె సరేనంది. కావాల్సినవి తెచ్చుకోమంటే లోపలికెళ్ళి అతని కళ్ళజోడు, ఒక లుంగీ తెచ్చుకుంది. మంట అంటుకోగానే బొంగులు ఒక్కొక్కటే పేలాయి. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆమె చివరిదాకా నిలబడి చూసింది. దానమ్మ ఆమెను తన షెడ్డుకు తీసుకెళ్ళి, పళ్ళెంలో అన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టింది. నాలుగో ముద్ద చేతిలో ఉండగా సుభాషిణికి ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

*

మొలకలు బతికాయి. ఆ ఏడాదంతా ఆమె వాటితోనే ఉంది. మోచేతి ఎత్తు వచ్చాక, పక్కపక్క కుండీల్లో మొక్కలను జతలుగా వంచి, తాకిన చోట అంటురసం రాసి, మెత్తటి గుడ్డపీలికతో కట్టింది. ఈ పని జరగాలి, జరుగుతుంది అనుకుంది. ఇంత జరిగాక జరగకుండా ఎలా ఉంటుంది అని కూడా అనుకుంది. శాస్త్రం చదువుకున్న మనిషి అలా అనుకోకూడదని తెలిసీ అనుకుంది.

వానాకాలం తిరిగాక మొదటి జత పీలిక విప్పింది. రెండు మొక్కలూ చెరో పక్కకు వెళ్ళిపోయాయి. తాకిన చోట చర్మం నున్నగా, మచ్చ కూడా లేకుండా ఉంది. రెండో జత విప్పింది. తర్వాత వరసగా అన్నీ విప్పింది. షెడ్డంతా మొక్కలు నిటారుగా, దేనికది విడిగా నిలబడ్డాయి.

కలిసిపోయే గుణం ఆ ఒక్క తల్లిది. ఎప్పుడో, ఏ కారణం చేతో దానికి వచ్చింది. గింజలోకి దిగలేదు. తల్లి పోయింది, దాంతోపాటు అదీ పోయింది. సీసాల్లో మొక్కలన్నీ అప్పటికే ఎండిపోయి ఉన్నాయి.

దానమ్మ నీళ్ళ బిందెతో వచ్చి, ఆ నిలబడిన మొక్కల వరసలు చూసి, బిందె దించింది.

"అంటుకున్నాయేటమ్మా?"

"లేదక్కా. మామూలు వెదురే."

దానమ్మ కుండీ అంచు పట్టుకుంది. "మరా బావు..." అని ఆపేసింది.

సుభాషిణి అంది, "పారేయనా?"

"పారేత్తావేటి? ఆయన ఏరిన గింజలు" అంది దానమ్మ. "మామూలుదైతే మామూలుదే. నాటుదాం. కోసుకుని కట్టుకుందాం. అందరూ కట్టుకుంటన్నారు కదా."

కాలనీ పక్క కాలవ గట్టు పొడుగునా నాటారు. ఈసారి సుభాషిణి ఒక్క పొద మీద ఆధారపడనివ్వలేదు. కొండల్లో నాలుగైదు చోట్ల నుంచి వేరు వేరు రకాలు తెప్పించి మధ్యమధ్యలో నాటించింది. ఏదో ఒకటి పూసినా మిగతావి ఉంటాయి. కొన్నేళ్ళకు బొంగులు చేతికొచ్చాయి. కోసి, కాలవ నీళ్ళలో వారాల తరబడి నానబెట్టి, నీడన ఆరబెట్టి, పొగ పట్టించి వాడుకున్నారు. అయినా పురుగు పట్టేది. నేలకు తగిలిన మొదళ్ళు కుళ్ళేవి, మార్చుకునేవారు. వాన జల్లు తగలకుండా చూరు ముందుకు దించారు. పచ్చిళ్ళ కాలనీ అన్న పేరు మెల్లగా ఎవరి నోటా రాకుండా పోయింది. ముత్యాలు కొడుక్కి పెద్దబడికి వెళ్ళే వయసొచ్చింది. తను పుట్టిన ఇంటి గురించి అమ్మమ్మ చెబితే నమ్మేవాడు కాదు.

సుభాషిణి రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయింది. ప్రయోగశాల పక్కన, పాత ఇల్లు ఉన్న చోటే, ఒక గదీ వరండా కట్టించుకుంది. కోసిన బొంగులు, కొబ్బరి తాళ్ళతో కట్టిన ముళ్ళు. కావాలంటే మొత్తం విప్పి ఇంకోచోట కట్టుకోవచ్చు. కట్టినతను వెళ్తూ వెళ్తూ, ఎండలకు బొంగు ఎండి సన్నబడుతుందని, తాళ్ళు వదులవుతాయని, ఏడాదికోసారి బిగించుకోవాలని చెప్పాడు.

మొదటి ఎండాకాలం అయిపోతుండగా వరండా మూల గుంజ కిర్రుమనడం మొదలుపెట్టింది. ఆమె స్టూలు వేసుకుని ఎక్కింది. పాత ముడి విప్పి, తాడు నీళ్ళల్లో ముంచి తెచ్చుకుంది. దూలాన్ని గుంజకు దగ్గరగా ఒకరు నొక్కిపట్టాలి, ఇంకొకరు తాడు చుట్టి లాగాలి. ఆమె తాడు రెండు చుట్లు వేసింది. తల పైకెత్తి, ముడి మీదే చూపు ఉంచి, "అటు కాస్త నొక్కి పట్టుకో" అంది.

అని, తాడు చేత్తో పట్టుకుని ఆగింది. దూలం దగ్గరకు రాలేదు.

గట్టు మీద వెదుళ్ళు గాలికి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆమె స్టూలు మీద అలాగే నిలబడి ఉంది. తర్వాత చెంప గుంజకు ఆనించి, దూలం కింద భుజం పెట్టి పైకి నొక్కింది. తాడు కొస పళ్ళతో పట్టుకుని లాగింది. ముడి వంకరగా పడింది. కళ్ళు తుడుచుకుని, దాన్ని విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది.